ఉరిమినప్పుడు

"కింది వరస చదవండి," అంది బుల్లి.

కుర్చీలో కూర్చున్న మేనత్త గోడ మీది అక్షరాల వైపు కళ్ళు చికిలించి చూసింది. "కింద ఇంకో వరస ఉందని నువ్వు చెబితేనే తెలుస్తోంది."

ఇంకెవరైనా అయితే బుల్లి నవ్వేది. కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షించే ఈ ఇరుకు గదిలో రోజూ ఇలాంటి మాటలు వింటూనే ఉంటుంది. కానీ ఈవిడ ముందు నవ్వెలా వస్తుంది? బుల్లి పెరిగిన, బయటివాళ్ళతో కలవని ప్రార్థన సభలోని ఆడపిల్లలందరికీ పాఠాలు చెప్పింది ఈవిడే. అద్దం ముందు నిలబడితే పాపం, కూనిరాగం తీస్తే పాపం, ఉరిమిందంటే దేవుడు నిన్ను పేరు పెట్టి పిలిచినట్టే, వెంటనే క్షమాపణ చెప్పుకోవాలి అని తల్లి లేని బుల్లికి అన్నంతోపాటు నూరిపోసిందీ ఈవిడే. బుల్లి సభను వదిలి వచ్చేసిన రోజున గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఇక ఈ ఇంట్లో నీ పేరు ఎత్తం," అన్నదీ ఈవిడే.

అన్నట్టే ఎత్తలేదు. ఏళ్ళు గడిచాయి.

వెళ్ళిపోయినవాళ్ళ దగ్గరికి సభ పెద్దలు అప్పుడప్పుడూ ఎవరో ఒకరిని పంపుతారనీ, వచ్చినవాళ్ళు మెత్తగా మాట్లాడి వెనక్కి లాక్కుపోతారనీ బుల్లికి తెలుసు. ఈ మధ్యాహ్నం వానలో తడుస్తూ మేనత్త దుకాణం మెట్లెక్కడం చూడగానే, తన వంతు వచ్చిందనుకుంది.

"సభలోనే కళ్ళజోళ్ళు చేసే ఆయన ఉండాలిగా అత్తయ్యా?"

"ఉన్నాడు."

బుల్లి ఇంకో అద్దం మార్చింది. "ఇప్పుడు?"

"కాస్త నయం. ఎవరితో ఉంటున్నావు?"

"ఒక్కదాన్నే."

"నిద్ర పడుతోందా?"

ఏమిటీ ఆరా అనుకుంటూనే బుల్లి జవాబిచ్చింది. "ఇప్పుడు పడుతోంది. మొదట్లో పట్టేది కాదు. తెల్లారేసరికి దేవుడు అందరినీ పైకి తీసుకెళ్ళిపోయి నన్నొక్కదాన్నే వదిలేస్తాడేమో అనిపించేది."

"మరి ప్రార్థన పూట?"

"బట్టలు ఉతుక్కునేదాన్ని. ఆ పూట గడవక, ఉతికినవే మళ్ళీ ఉతికేదాన్ని."

పిల్లలు పాఠం అప్పజెబుతుంటే విన్నట్టే మేనత్త తలాడిస్తూ వింది.

బయట ఫెళ్ళున ఉరిమింది. దుకాణం గాజు తలుపు అదిరింది. బుల్లి పెదాలు వాటంతటవే కదిలాయి. చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ అప్పటికే మేనత్త చూసేసింది. ఆవిడ పెదాలు మాత్రం గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. వేళ్ళు కుర్చీ చేతుల్ని పట్టుకుని తెల్లబడ్డాయి.

"ఇంకా పోలేదా అది?"

బుల్లికి ఒళ్ళు మండింది. "మీరు నేర్పింది అంత తొందరగా పోతుందా?"

"ఎప్పటికైనా పోతుందంటావా?"

"తగ్గుతుంది. ఇదివరకు మంచం కిందికి దూరేదాన్ని. ఇప్పుడు పెదాలే కదులుతాయి. మనసు వాటివెంట పోదు."

"దేవుడంటే కోపమా నీకు?"

"దేవుడి మీద కాదు. మీ మీద."

ఎన్నో ఏళ్ళు గోడలకు చెప్పుకున్న మాట అది. తీరా మనిషికే చెప్పాక, అనుకున్నంత హాయిగా లేదు.

"ఉండాలి," అంది మేనత్త.

బాగానే నేర్పి పంపారు అనుకుంది బుల్లి. పరీక్ష ఫ్రేము తీయడానికి వంగితే ఆవిడ కణతలు చేతికి తగిలాయి. చర్మం పల్చబడి మెత్తగా ఉంది. జ్వరమొస్తే తెల్లవార్లూ కూర్చుని తన నుదుటి మీద తడిగుడ్డ మార్చింది కూడా ఈ మనిషే. అదే వచ్చిన చిక్కు. పూర్తిగా చెడ్డవాళ్ళయితే వదులుకోవడం ఎంత తేలికయ్యేదో.

అందుకే బుల్లి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వీలైనంత నెమ్మదిగా చెప్పింది. "అత్తయ్యా, మీరంటే ప్రేమ లేక కాదు. చిన్నప్పుడు అన్నం పెట్టింది మీరే, అది మర్చిపోను. కానీ నేను వెనక్కి రాను. ఈ బతుకులో ఒంటరితనం ఉంది, భయం ఉంది, అయినా ఇది నాది. మీ పెద్దలకి ఇదే మాట చెప్పండి."

మేనత్త తన అరచేతులు చూసుకుంది.

"నేను చెప్పలేనే."

"వాళ్ళంటే మీకు కూడా భయమా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ముందుకు వంగి బుల్లి చెయ్యి వెతికి పట్టుకుంది.

"నేనూ వదిలి వచ్చేశానే."