సెలవడగని డ్రైవరు

"పది రోజులనుకుని వచ్చాం. పది రోజులూ ఉందాం," అని అమ్మగారు అనగానే డ్రైవరు కారు తుడవడం ఆపి, మొహం అటు తిప్పుకుని నవ్వుకున్నాడు.

అది ఆవిడ కంట పడింది. ఆవిడ కంట పడనిదంటూ ఉండదు. బట్టల కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చునే, ఏ మూల ఏ తాను మడత చెదిరిందో చెప్పగల మనిషి.

ఈ ఊరు వాడు చూపించిందే. ఏటా వేసవికి వెళ్ళే కొండ మీది ఊళ్ళో ఇప్పుడు కాలు పెట్టే సందు లేదని ఆవిడ విసుక్కుంటుంటే, "ఎవరికీ తెలియని ఊరొకటుందమ్మా. పక్కనే ఏరు. పాత ఇంజినీర్ల బంగళాని గదులు చేసి అద్దెకిస్తున్నారు. చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది," అన్నాడు.

"నీకెలా తెలుసురా?"

"ఎప్పుడో లారీ మీద వచ్చానమ్మా."

అన్నట్టే ఉంది. చుట్టూ వరండా, వరండాలోకి ఏటి గాలి. మధ్యాహ్నం పూట వీధిలో ఓ కుట్టుమిషను చప్పుడు తప్ప ఇంకో అలికిడి లేదు. బంగళా వంటావిడ చేతి చలవ, అయ్యగారు మారు అడిగి మరీ వడ్డించుకుంటున్నారు.

అయ్యగారికి చూపు మందగించింది. స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. కొట్టుకీ, ఇంటికీ, ఆస్పత్రికీ డ్రైవరే దిక్కు. అలాంటి దిక్కులు మూడు మారాక అమ్మగారు ఒక నియమం పెట్టుకుంది, పెళ్ళయినవాణ్ణి పనిలో పెట్టుకోకూడదని. పెళ్ళయినవాడంటే పిల్లకి జ్వరం, మామగారికి నడుంనొప్పి, మరదలికి పెళ్ళిచూపులు. ఆవిడేమో ఆటోల వెంట పరుగెత్తాలి. వీడొచ్చి "నాకెవరూ లేరమ్మా" అన్నప్పుడు ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. రెండేళ్ళలో ఒక్క పూట సెలవడగలేదు. చుట్టాల దగ్గర "మా బ్రహ్మచారి" అని మురిపెంగా చెప్పుకునేది. ఇక్కడికొచ్చాకా అంతే, టీ తాగడానికైనా ఊళ్ళోకి అడుగు పెట్టడు. బంగళా దాటడు.

ఆ మురిపెం మూణ్ణాళ్ళకే చల్లారింది.

ఆవేళ డ్రైవరు కారు దగ్గర లేడు. ఆవిడ వెనకవైపు వెళ్ళి చూస్తే, వంటింటి గడప మీద కూర్చుని భోంచేస్తున్నాడు. వంటావిడ పక్కనే చతికిలబడి ఏదో చెబుతోంది. వాడు పడీపడీ నవ్వుతున్నాడు. వాడికి అన్ని పళ్ళున్నాయని ఆవిడకి ఆరోజే తెలిసింది.

సాయంత్రం వంటావిడని కదిపింది. "మీ ఆయనేం చేస్తాడు?"

"ఊళ్ళు పట్టుకు తిరుగుతాడండీ."

"ఇల్లు పట్టదా?"

"వీలు చిక్కితే వస్తాడండీ," అంది వంటావిడ, తోముతున్న గిన్నె మీంచి తలెత్తకుండా.

మొగుడు గాలికి తిరిగే రకం. వెనక గదిలో తనూ, పిల్లా. ఎదురుగా నెల జీతం తెచ్చుకునే పెళ్ళికాని మగాడు. అమ్మగారికి ఇంకేం విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

మర్నాడు వంటావిడ కూతురు కార్లో డ్రైవరు ఒళ్ళో కూర్చుని స్టీరింగు తిప్పుతోంది. వాడు నోటితో హారను కొడుతున్నాడు.

"చూశారా, పిల్లని మంచి చేసుకుంటున్నాడు," అంది భర్తతో.

"పోనీలేవే. వాడిదీ వయసే కదా."

"వాడు దీని కొంగు పట్టుకుని ఇక్కడే ఉండిపోతే, మిమ్మల్ని కళ్ళ డాక్టరు దగ్గరికి నేను చంకనేసుకుని వెళ్ళనా?"

అయ్యగారు నల్లద్దాలు సర్దుకుని ఏటివైపు తిరిగి కూర్చున్నారు. కాపురం మొదలైనప్పట్నుంచీ ఆయన తిరిగి కూర్చుంటూనే ఉన్నారు.

వారం తిరక్కుండానే ఆవిడ కళ్ళారా చూసింది. పెరట్లో, ఆరేసిన దుప్పట్ల వెనక, వంటావిడ ఏడుస్తోంది. డ్రైవరు అరచేత్తో ఆమె కళ్ళు తుడుస్తున్నాడు.

అమ్మగారు అరవలేదు. తిన్నగా మేనేజరు గదికి వెళ్ళింది.

"పరువుగలవాళ్ళు దిగే చోటనుకున్నాం. మీ వంటావిడ వచ్చిన డ్రైవర్లతో సరసాలాడుతుంటే మేమెలా ఉండాలి? మావాళ్ళు ఇంకో రెండు కుటుంబాలు వస్తామంటున్నారు. ఏం చెప్పమంటారు వాళ్ళకి?"

మేనేజరు కొత్తగా వచ్చినవాడు. గదులు నిండక ఈగలు తోలుకుంటున్నాడు. "అలాంటి మనిషిలా కనపడదండీ," అని సగంలో ఆగి, ఆవిడ మొహం చూసి, సాయంత్రానికల్లా వంటావిణ్ణి మాన్పించేశాడు.

డ్రైవరు వరండా మెట్ల కింద నిలబడ్డాడు.

"ఆవిడ తప్పేం లేదమ్మా. ఉన్నపళాన పొమ్మంటే ఎక్కడికి పోతుంది? మేనేజరుగారికి మీరొక్క మాట చెప్పండమ్మా."

"దారిన పోయేదానికి నువ్వెందుకురా వకాల్తా?"

వాడు నోరు తెరిచాడు. "అమ్మా, ఆవిడ..."

"ఇంకొక్క ముక్క మాట్లాడావంటే నువ్వూ దాని వెనకే మూట సర్దుకో. అంతగా పెళ్ళే కావాలంటే నాకు చెప్పు, మంచి పిల్లని నేనే చూస్తా. ఇలాంటివి మెడకి చుట్టుకోకు. నీ మంచికే చెబుతున్నా."

వాడు చేతిలోని కారు తాళాలు జేబులో వేసుకున్నాడు.

"సరేనమ్మా," అన్నాడు.

ఇక అక్కడ ఒక్క పూట కూడా ఉండకూడదనుకుంది ఆవిడ. తెల్లారి బయల్దేరారు. డ్రైవరు సామాను సర్దాడు. అయ్యగారిని చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. తలుపు వేశాడు. అంతా ఎప్పటిలాగే. ఆవిడ మనసు కుదుటపడింది.

"చూశారా, గట్టిగా రెండు మాటలనేసరికి దారికొచ్చాడు," అంటూ అద్దం పైకి బిగించి, ఏసీ పెంచమని చెప్పి, వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

ఊరి చివర బస్టాపులో ట్రంకుపెట్టె మీద కూర్చున్న పిల్ల కారుని చూసి "నాన్నా" అంటూ పరుగు తీయబోతే, వంటావిడ దాని నోరు గట్టిగా మూసి ఒళ్ళోకి లాక్కుంది.