గులాబి బొమ్మ సీసా

లసుమవ్వకు నోట్లో నువ్వుగింజ నానదు. కోడలు కల్పన సిగ్గు చంపుకుని చెవిలో చెప్పిన మాటను, వాకిట్లో బీడీలు చేసే ఆడవాళ్లందరి ముందూ పరిచింది.

"మొగడు దుబాయిల, రోగం కోరుట్లల. గిది యాడికెళ్లి అచ్చిందో మీరే చెప్పుండ్రి."

ఆకు కత్తిరించే కత్తెరలు ఆగిపోయాయి. కల్పన తల దించుకుంది.

బాధ నిజమే. చెప్పుకోలేని చోట దురద, పొక్కులు. కూర్చుంటే మంట, నడిస్తే ఒరిపిడి. దురద పుట్టినకొద్దీ ఇంకా శుభ్రంగా కడుక్కునేది పాపం. తల్లిలాంటిదని అత్తకు చెప్పుకుంది. ఆ తల్లి చేసిన నిర్వాకం ఇది.

లసుమవ్వ అంతటితో ఊరుకుందా? దుబాయిలో ఉన్న కొడుకు దేవదాస్‌కు ఫోన్ కొట్టింది. అతను పెళ్లాన్ని ఒక్క మాట అడగలేదు. పీర్ల పండుగ పోయాక పెద్దమనుషులను కూర్చోబెట్టి, పిల్లను తల్లిగారింటికి తోలెయ్యమన్నాడు. పుట్టినూరు పెగడపల్లిలో కల్పనకు తల్లీ లేదు, తండ్రీ లేడు. ఉన్న ఒక్క అన్నకు తాగి ఎక్కడ పడితే అక్కడే ఇల్లు.

కల్పన సంచి పట్టుకుని లేడీ డాక్టరు దగ్గరికి పోయింది. డాక్టరమ్మ చూసి, ఏమేం వాడుతున్నావని అడిగి, మలాం రాసిచ్చింది. వచ్చే దారిలో మైమూనా బీ ఇంట్లో కాసేపు కూర్చుంది. కువైట్‌లో అరబ్బుల ఇళ్లలో పనిచేసి వచ్చిన మనిషి ఆమె. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారోగానీ, కల్పన కళ్లు తుడుచుకుని ఇల్లు చేరింది.

ఆనాటి నుంచి కోడలు వెన్నలా మెత్తబడింది. ఎట్లాగూ పోయేదాన్ని, నాకెందుకివన్నీ అంటూ మొగుడు పంపిన సామాను అత్త ముందు పెట్టింది. దుప్పటి, సెంటు, తాను స్నానానికి దాచుకుని దాచుకుని వాడిన గులాబి బొమ్మ సీసా. ఆ సీసా మీద లసుమవ్వ కన్ను మొదటి నుంచీ ఉంది. కన్నతల్లికి పంపలేదని ఆమె ఏడ్చిన ఏడుపు వాడకట్టంతా విన్నది.

"మంచిగ రుద్దుకోని తానం జెయ్యి అత్తా. మస్తు వాసనస్తది," అంది కల్పన.

లసుమవ్వ మురిసిపోయింది. పొద్దూమాపూ అదే స్నానం. పండుగకు పీర్లు లేచే నాటికి బీడీల చేట ముందు కుదురుగా కూర్చోలేకపోయింది. కోడలిని అర్రలోకి లాగి చెయ్యి పట్టుకుంది.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. నీకయినట్టే నాకూ అయింది. గా మలాం జెరంత ఇయ్యి."

ఇచ్చింది కల్పన. ఎందుకివ్వదు? ఇచ్చి, వాకిట్లోకి వచ్చి, అవే కత్తెరల ముందు నిలబడి అడిగింది.

"మొగడు దుబాయిల ఉన్నదానికి అస్తే రంకు రోగమాయె. మొగడు సచ్చి కాట్లె కాలినదానికి గూడ అచ్చింది. గిది యాడికెళ్లి అచ్చిందో మీరే చెప్పుండ్రి."

ఈసారి తల దించుకున్నది లసుమవ్వ. ఆ రాత్రే కొడుక్కి ఫోన్ చేసి, పంచాయితీ వద్దు, కోడలు బంగారమని చెప్పింది.

కల్పన కడుపు చల్లబడింది. సీసాలో ఇంకా కొంచెం మిగిలే ఉంది. బొమ్మ చూసి ఒంటి సబ్బనుకుని మొగుడు పంపిన ఆ సీసాను, డాక్టరు దగ్గరికి పోయిన రోజు సంచిలోంచి తీసి చూపిస్తే, దాని మీది అరబ్బీ చదివి మైమూనా బీ నెత్తి కొట్టుకుని చెప్పింది: "పాయఖాన బండలు కడిగే మందు గిది, ఒంటికెట్ల రుద్దుకున్నవే పిల్లా!"