ఒంటికి అంటని నోటు

"ఇంక ఆపవే ఫూసీ. నీ మోకాళ్ళ చప్పుడులో పాట వినపడ్డం లేదు" అంది కలోలైన్, ముందు వరసలో చాప మీద బాసింపట్టు వేసుకుని.

చర్చి హాలంతా గొల్లుమంది. ఫూసి ఆడుతూనే ఉంది.

ఒంటికి కొబ్బరినూనె పూసి ఫూసి నాట్యం మొదలుపెట్టి అరగంటయింది. టోంగా దీవుల్లో నోటితో అడిగితే నోటు రాదు. నూనె రాసుకుని ఆడాలి. ఇవ్వదలచినవాళ్ళు లేచొచ్చి ఆ జిడ్డు భుజాల మీద అంటించి పోతారు. బడి పైకప్పు కోసం ఆడిన పిల్లకి మోచేతుల దాకా అంటించారు. పడవ ఇంజను కోసం ఆడిన పిల్లకి మెడ కూడా కనపడలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఫూసికి ఇంతవరకూ అంటుకున్నవి రెండు ఈగలు.

అడిగింది మరీ గొంతెమ్మ కోరికేం కాదు. దీవిలో ఉన్న ఒక్క మంత్రసానీ పోయి ఏడాదైంది. వవావు దీవిలో ముసలి మంత్రసాని లెసియేలి దగ్గర మూడు నెలలుండి ఆ విద్య నేర్చుకొస్తానంది. దానికి పడవ ఖర్చు, తిండి ఖర్చు, గురువుకి కానుకగా ఓ మంచి చాప. ఎల్లుండి సోమవారం పడవ ఉంది. అది పోతే మళ్ళీ నెలకి. నెలరోజులు ఆగడం ఫూసి వల్ల కాదు.

"పెళ్ళి లేదు, పిల్లల్లేరు. కాన్పు సంగతి నీకేం తెలుసే?" అన్నాడు వెనకనుంచి వడ్రంగి సెమిసి.

"శవపెట్టెలు చేస్తావు కదా మామా, నువ్వు చచ్చి చూసే నేర్చుకున్నావా?" అంది ఫూసి, చేతులు అలల్లా తిప్పుతూనే.

నవ్వులు చాలా రాలాయి. నోటు ఒక్కటీ రాలలేదు.

ఊరిపెద్ద మాఫీ లేచి గొంతు సవరించుకున్నాడు. పేరుకే మాఫీ. చర్చికి రెండు నిమిషాలు ఆలస్యమైనవాళ్ళని కూడా ఏనాడూ మాఫీ చేసినవాడు కాదు. "కాన్పుకి కానుక అడుగుతోంది. న్యాయమే. కాకపోతే అవసరం ఉన్న ఇంటివాళ్ళు ముందు లేవాలి. మిగతావాళ్ళం తర్వాత ఇస్తాం" అని కూర్చున్నాడు.

ఆయన చేసిన సాయం అదీ. ఆ మాటతో హాలు మొత్తం చాపలకి అతుక్కుపోయింది. ఇప్పుడు ఎవరు ముందు లేస్తే వాళ్ళింట్లో ఎవరికో నెల తప్పినట్టే.

కొత్తకోడలు తైనా సగం లేచింది. అత్తగారు ఆ పిల్ల పొట్టవైపు చూసింది. తైనా కూర్చుండిపోయింది. సెమిసి మనసు కరిగి జేబులో చెయ్యి పెట్టాడు. పెళ్ళికాని కూతుళ్ళు ముగ్గురూ "నాన్నా" అన్నారు ఒక్క గొంతుతో. పెట్టిన చెయ్యి జేబులోనే కాపురం పెట్టింది.

పాట అయిపోయింది. ఫూసి తల వంచింది. ఊళ్ళో కనేవాళ్ళకి కొదవలేదు, కనికరానికే కరువు. చాపలు చుట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, గుంపులు గుంపులుగా మాట్లాడుకుంటూ అంతా వెళ్ళిపోయారు. రేపు ఆదివారం, ఇళ్ళలో గుంటపొయ్యి వంటకి రాళ్ళు వేడెక్కించుకోవాలి.

ఒంటి నూనె తుడుచుకుంటూ ఫూసి ఒంటిగా మెట్టు మీద కూర్చుంది. ఎండ వాలుతోంది. ఇంటింటి వెనకా పొగ లేస్తోంది. ఆమె పొయ్యి ఒక్క మనిషి కోసం వెలగడానికి బద్ధకించి రెండ్రోజులకోసారి వెలుగుతుంది. వెక్కిరించడానికైతేనేం, ఈ అరగంటా ఊరంతా తనవైపే చూసింది. అలా చూసి ఎన్నేళ్ళయిందో లెక్క అందలేదు.

వెనక కిటికీలు మూస్తున్న చప్పుడు. కలోలైన్ తాళంచెవి పట్టుకుని వచ్చింది. అటూ ఇటూ చూసింది. జాకెట్లోంచి పెద్దనోటు తీసి ఫూసి భుజానికి అద్దింది. అది జారి మెట్టు మీద పడింది.

"అప్పుడే తుడిచేసుకున్నావా దరిద్రపుదానా" అని తీసి మళ్ళీ పెట్టి, ఈసారి అరచెయ్యి దాని మీదే ఉంచేసింది. రెండో చేత్తో మరి రెండు నోట్లు ఒళ్ళో పడేసింది. "పడవకీ చాపకీ సరిపోతుంది. ఎవరిచ్చారంటే దేవుడిచ్చాడను."

"ఇందాక అంత ఎగతాళి చేశావు కదక్కా."

"చెయ్యకపోతే అనుమానం రాదూ?"

ఫూసి తలెత్తి చూసింది. పోయిన క్రిస్మస్‌కే మనవణ్ణెత్తుకున్న కలోలైన్ ముఖం కందగడ్డయింది.

"నవ్వావంటే చంపుతా. మనవడికి ఇంకా పళ్ళయినా రాలేదు, వాడికి బాబాయి వస్తున్నాడు. మా ఆయనైతే సిగ్గుతో చేపలకి చీకట్లోనే పోయొస్తున్నాడు." ఆమె పక్కన కూలబడింది. గొంతు తగ్గింది. "జూలై చివర్లో అట. నలభై ఆరేళ్ళొచ్చాయి నాకు. భయంగా ఉంది ఫూసీ. అప్పటికి నువ్వు రాగలవా?"

ఫూసి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఒకసారి పెట్టి, మళ్ళీ పెట్టింది.

"జూలై చివరంటే పరవాలేదక్కా. అప్పటికి లేచి తిరుగుతుంటాను."

"లేచి తిరగడమేమిటే? ఏమైనా జబ్బా?"

"నాది జూన్ మొదట్లో. పిలిస్తే వచ్చేవాళ్ళు ఎవరూ లేరు కదా, నా పురుడు నేనే పోసుకుందామని నేర్చుకుంటున్నా."