పదిహేడో నంబరు మనిషి

"గిదేంది సార్, బతికున్నోణ్ని పాడె మీద పండవెడతరా?" లక్ష్మీరాజం చేతిలోని కాగితాలను డాక్టర్ ఫణి బల్ల మీదికి విసిరికొట్టాడు.

అవి డాక్టరుగారు రాసిన వ్యాసానికి జిరాక్సులు. పెద్దపేగు చివర పుట్టే క్యాన్సర్‌ను కోత లేకుండా, మందులతోనూ రేడియేషన్‌తోనూ నయం చేయడం గురించి పోయిన నెలే, అంటే రెండువేల ఏడు ఫిబ్రవరిలో, ఒక పెద్ద వైద్య పత్రికలో అచ్చయింది. ఫార్మసీ చదువుతున్న లక్ష్మీరాజం కూతురు నవత దాన్ని కాలేజీలో చూసి, ఇంటికి తెచ్చి చదివి, బావురుమంది. మొత్తం ఇరవై రెండు మంది రోగులు. ఇరవై ఒక్కరికి జబ్బు తిరగబెట్టలేదట. సూరత్‌లో మరమగ్గాలు నడిపే పదిహేడో నంబరు మనిషికి మాత్రం నాలుగో ఏట మళ్లీ గడ్డ లేచిందట. ఆస్పత్రి కార్డు ప్రకారం ఆ పదిహేడో నంబరు లక్ష్మీరాజమే.

"నిన్నటి సంది నా పెండ్లాం రాజమ్మ పొయ్యి ముట్టియ్యలే సార్! ఏడ్సుడే ఏడ్సుడు. నేను పన్నెండు గంటలు నిలవడి ఎనిమిది సాంచెలు నడుపుతున్న. రోగమున్నోడు నడుపుతడా?"

"నడుపుతడా సార్?" పక్కనున్న ముత్యం అంతకంటే పెద్ద గొంతు చేశాడు. ఇద్దరూ సూరత్‌లోని బమ్రోలిలో ఇరుగుపొరుగు, ఒకే కార్ఖానాలో పని. అన్నకు అన్యాయం జరిగిందని తెలిసి డ్యూటీ మానుకుని మరీ వెంట వచ్చాడు. "గరీబోళ్లమని ఏది వడితే అది రాస్తరా? మా అన్న ఇజ్జత్ ఏంగావాలె?"

డాక్టరుకూ ఒళ్లు మండింది.

"కోపం రావాల్సింది నాకయ్యా!" అంటూ ఫైలు తెరిచాడు. "చూసుకోండి. పోయిన మే పద్నాలుగు. మీ కార్డే, మీ సంతకమే. మావాళ్లు పేగులోకి గొట్టం వేసి చూశారు. గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సరే అని తేలింది. రెండు ఉత్తరాలు రాస్తే రెండూ తిరిగొచ్చాయి. పది నెలలు చేతులారా పోగొట్టుకున్నారు! అప్పుడే వచ్చుంటే ప్రాణానికి భయం లేకపోవును. ఈపాటికి కాలేయానికి పాకుంటే నేనేం చేయను?"

"నవాగామ్ ఇడిచి బమ్రోలికి మారినం. ఉత్తరాలు ఎవలకు ముట్టాలె? అయినా గొట్టం ఏసినోళ్లు మనిషి మొకం సూసిండ్రా?"

"రోజుకు నలభై మంది వస్తారు. కార్డూ నంబరూ చూస్తారు గానీ..."

"గదే మీ తప్పు!" లక్ష్మీరాజం బల్ల గుద్దాడు. "మే నెలల నేను సూరత్‌లనే లేను సార్. సిరిసిల్ల కాడ మా మేనకోడలి లగ్గమైతే నెల దినాలు అక్కన్నే ఉన్న!"

డాక్టరు ఫైల్లోని సంతకం మీద వేలు పెట్టాడు.

"మరి ఈ సంతకం ఎవరిది?"

లక్ష్మీరాజం గొంతు కాస్త తగ్గింది. "చెకప్ తారీఖుకు రాకుంటే పేరు కొట్టేస్తమని మీరే అన్నరు గద సార్. మా కార్ఖానల గూడ గంతే. మనం రాకుంటే మన పేరు మీద ఇంకొకణ్ని బద్లీ పంపుతం. సాంచె ఆగొద్దు, పేరు పోవద్దు. గట్లనే ఇక్కడికి గూడ బద్లీ పంపిన. తప్పయితే తప్పే. కని మంచి గట్టి మనిషినే పంపిన."

డాక్టరు కుర్చీలోంచి లేచాడు. ముఖంలో కోపం లేదు. "ఎవరిని పంపారు?"

లక్ష్మీరాజం చెప్పబోయి, బల్ల మీది ఫైలు వంక చూశాడు. గడ్డ ఉంది అన్నారు. ముక్క తీశాం అన్నారు. పది నెలలు అన్నారు. అతను ముత్యం చెయ్యి పట్టుకుని అక్కణ్నించి లాక్కుపోబోయాడు.

ముత్యం ఆ చెయ్యి విదిలించుకుని, రొమ్ము విరుచుకుని ముందుకొచ్చాడు. "నేనే సార్! రెండు దినాలు ఉపాసముండి మరీ గొట్టం ఏయించుకున్న. ఇగ చెప్పుండ్రి, మా అన్నకు యాడున్నది గడ్డ?"