చివరి మొక్కు

"పాలచెంబు అవతల పెట్టండి అయ్యగారూ. వీడు బతకాలని ఈస్టర్ దాకా పాలు ముట్టనని మొక్కుకున్నాను" అంది ఫంతాయె, ఒళ్లో పసివాణ్ణి ఊపుతూ.

రెండు రోజులుగా వాడికి ఏడవడానికీ ఓపిక లేదు. రొమ్ము అందిస్తే రెండుసార్లు లాగి వదిలేస్తున్నాడు.

"పొద్దుట్నించీ ఏం తిన్నావు తల్లీ?" అన్నారు మెలకు అయ్యగారు. గోండర్ కొండల్లోని ఆ ఇంటివాళ్ల పాపాలు విని దీవించే గురువు ఆయనే.

"ఏమీ లేదు. సాయంత్రం గుడిగంట మోగాక ఒక ఇంజెరా రొట్టె ముక్క, అంతే. చనిపోయిన ఇద్దరు బిడ్డలప్పుడూ ఇంత గట్టిగా ఉపవాసం ఉండలేదు."

"రొమ్ములో పాలున్నాయా?"

ఆమె పసివాడి ఎండిన పెదాలు తుడిచింది.

"తిండి మానింది నువ్వు కాదమ్మా, వాడు."

ఫంతాయె చెంబును ఇంకా దూరం జరిపింది. "మొక్కు తప్పితే వీణ్ణీ తీసుకుపోతాడు అయ్యగారూ. దేవుడికి ఇవ్వడానికి నా దగ్గర ఆ మొక్కొక్కటే ఉంది."

"అయితే దాన్నే ఇచ్చెయ్యి."

ఆయన చేతిశిలువను ఆమె నుదుటికి ఆనించి మొక్కు విడిపించి, చెంబు అందించారు.

ఫంతాయె విషం తాగినట్టు కళ్లు మూసుకుని తాగింది. బిడ్డను రొమ్ముకు అదుముకుంది.

"ఇప్పుడిక నా చేతుల్లో ఏమీ లేదు అయ్యగారూ."

"ఉపవాసమంటే అదే తల్లీ."