వెనక బెంచీ తనిఖీ

కిటికీలోంచి ఒక తేనెటీగ లోపలికి వచ్చింది. అంతే, ఏడో తరగతి మొత్తం బెంచీలెక్కింది.

"సైలెన్స్," అంది లెక్కల టీచరు.

ఆ మాట రోజుకు వందసార్లు అంటుంది కాబట్టి పిల్లలు ఆమెకు సైలెన్స్ టీచరని పేరు పెట్టారు. చలి పోయి ఎండ ముదిరే ఈ రెండు నెలలూ పన్నెండేళ్ల పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టడమంటే కప్పల తక్కెడే.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. పక్కన యాభై దాటిన ఒకావిడ, బాగా చిక్కిపోయిన మనిషి.

"ఈవిడ కొన్నాళ్లు మీ క్లాసులో వెనక కూర్చుంటారమ్మా. అభ్యంతరం లేదుగా?"

"లేదు సార్," అంది టీచరు. తనిఖీకి వచ్చిన మనిషే అనుకుంది.

ఆమెది గట్టి ఉద్యోగం కాదు. వేరే బడి నుంచి బదిలీ మీద వచ్చిన ఒక టీచరు, చేరిన రోజే సంతకం పెట్టి సెలవులో వెళ్లిపోతే ఆ ఖాళీలో తీసుకున్నారు. ఆ సెలవావిడ ఎప్పుడు ఊడిపడుతుందో, తన ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో అని బితుకుబితుకుమంటూనే ఏడాది గడిపింది. ఇప్పుడు దీనికి తోడు తనిఖీ ఒకటి.

మూడో రోజు ఇంటర్వెల్లో వెనక బెంచీ ఆవిడే పలకరించింది.

"ఈ వయసులో, ఈ ఎండల్లో కాళ్లు ఊరుకోవమ్మా. కూర్చోబెట్టి చెబితే చెవికెక్కదు. నడిపించి చెప్పి చూడు."

"మరి సిలబస్ ఎవరు నడిపిస్తారండీ?"

ఆవిడ నవ్వింది.

పదకొండో రోజు లెక్క, మైనస్ మూడులోంచి మైనస్ ఐదు తీసేయడం. నాలుగుసార్లు చెప్పినా ఒక్కరికీ బుర్రకెక్కలేదు. ఇద్దరు రబ్బరు ముక్కలతో యుద్ధం మొదలుపెట్టారు. అరిచి అరిచి టీచరు గొంతు పోయింది.

వెనక బెంచీ ఆవిడ గోడ పట్టుకుని లేచింది. "ఒక్క పది నిమిషాలు నాకిస్తావా తల్లీ?"

ఇవ్వనని చెప్పడానికి టీచరుకు గొంతు లేదు.

ఆవిడ పిల్లలందర్నీ వరండాలోకి తీసుకుపోయింది.

"గుమ్మం ముందున్న బండ సున్నా. కుడివైపు ప్లస్, ఎడమవైపు మైనస్. నువ్వు మైనస్ మూడు మీద నిలబడు. తీసేయమన్నారుగా, ఎడమకు తిరుగు. ఐదు ముందు మైనస్ ఉందిగా, అందుకని వెనక్కి నడువు."

అల్లరిలో ఆరితేరిన పిల్ల ఒకతి ఐదు బండలు వెనక్కి నడిచి ఆగింది.

"ప్లస్ రెండు," అంది, తనే నమ్మలేనట్టు.

ఆ తర్వాత వరండా దద్దరిల్లింది. నేనంటే నేనని తోసుకున్నారు. పక్క క్లాసుల తలుపులు తెరుచుకున్నాయి.

టీచరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిజానికి అది భయం, పైకి కోపంలా కనబడింది. సాయంత్రం తిన్నగా హెడ్మాస్టరు గదికి వెళ్లింది.

"తనిఖీకి వచ్చినావిడ తనిఖీ చేసుకోవాలి సార్. అది నా క్లాసు. రేపటి నుంచి రావద్దని చెప్పండి."

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు. "మీ మాటగానే చెప్పమంటారా?"

"చెప్పండి."

మర్నాడు వెనక బెంచీ ఖాళీ.

వారం తిరక్కుండానే టీచరు గొంతు మళ్లీ పోయింది. ఎవరూ చూడకుండా సుద్దముక్కతో వరండా బండల మీద అంకెలు వేసింది. పిల్లలు నడిచారు. నెల తిరిగేసరికి భిన్నాలు కూడా నడిచాయి. పరీక్షలో ఏడో తరగతి లెక్కల్లో ఒక్కరూ తప్పలేదు.

ఆవిడకు ఒక మంచి మాటైనా చెప్పలేదే అని మాత్రం టీచరుకు మనసులో ముల్లు.

బడి మూసే రోజు హెడ్మాస్టరు పిలిచి ఒక కవరు చేతికిచ్చాడు.

"మీ ఉద్యోగం ఖాయమైందమ్మా."

"మరి ఆ సెలవావిడ?"

"రాజీనామా ఇచ్చేశారు. ఆ చోటు మీకే ఇవ్వాలని బడి కమిటీకి ఉత్తరం కూడా రాశారు. 'ఇది నా క్లాసు అని పోట్లాడే మనిషికే పిల్లల్ని అప్పగించాలి' అని."

టీచరు కళ్లు చెమర్చాయి. ఏడాది పొడుగునా తను తిట్టుకున్న మనిషి.

"అడ్రసివ్వండి సార్. ఇప్పుడే వెళ్లి కలిసొస్తాను."

"ఆలస్యమైందమ్మా. ఏడాదిగా తినేస్తున్న జబ్బు. పోయిన గురువారం కాలం చేశారు."

ఆమె చేతిలోని కవరు బల్ల మీద పెట్టింది.

"నన్నెన్నడూ చూడనైనా చూడని మనిషి, నా గురించి అంత నమ్మకంగా ఎలా రాశారు సార్?"

"పదకొండు రోజులు చూశారు కదమ్మా, వెనక బెంచీలో కూర్చుని," అన్నాడు హెడ్మాస్టరు.