శుక్రవారం పరీక్ష

విజయనగరంలో వరహాలు పన్నెండేళ్లు నడిపిన పార్లర్‌లో, శుక్రవారం గోరింటాకు పెట్టేవారే గాని గోళ్లు తీసేవారు కారు. ఆమె వలస వచ్చిన ఈ కొత్త దేశంలో గోళ్ల పనికి లైసెన్సు ఇచ్చేది ఒక యంత్రం, వెచ్చటి రబ్బరు చెయ్యి. గోళ్లు తీయడానికి దాన్ని పట్టుకున్నవాళ్ల వేళ్లలోని తడబాటును అది ఇట్టే పసిగడుతుంది.

పరీక్ష శుక్రవారం పడింది. దాని చిటికెనవేలి దగ్గర వరహాలు కత్తెర రెప్పపాటు ఆగింది.

“సంకోచం కనిపించింది. ఫెయిల్,” అంది చెయ్యి, చక్కటి తెలుగులో. “వచ్చే శుక్రవారం ఆఖరి అవకాశం. అదీ పోతే మీ వీసా రద్దు.”

ఆ సాయంత్రం ఆమె గుమ్మంలో కూర్చుని తన గోళ్లు తీసుకోసాగింది.

“ఏటే! సుక్రారం పూట, దీపాలేళ, గోళ్లు తీస్తన్నావేటే?” అదిరిపడ్డాడు భర్త సూరిబాబు.

“నాకు తెలుసు. ఈ చేతులకి తెలీకూడదంట. మరిపిస్తన్నాను,” అంది వరహాలు, కత్తెర ఆపకుండా.